జరీ అంచు దయ్యాలు

అక్టోబరు నెలాఖరు రాగానే సింగపూర్‌లో మా అపార్ట్‌మెంట్ల కాండో లిఫ్టులో ఒక నారింజ రంగు కాగితం అంటిస్తారు. దానిమీద ఒక గబ్బిలం, ఒక గుమ్మడికాయ, వాటి కింద 'పిల్లల భద్రతకు వాలంటీర్లు కావలెను' అన్న అర్థం వచ్చే ఒక వాక్యం ఉంటాయి. ఆ కాగితం కనిపించిన రోజు మా అమ్మాయి ఆద్య లిఫ్టు అద్దంలో నన్ను చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. నేను అంతస్తుల అంకెలు శ్రద్ధగా చదువుతున్నట్టు నటిస్తాను.

ఏడేళ్ళ కిందట ఆ వాక్యం చదివి చెయ్యెత్తిన మహానుభావుణ్ణి నేనే. ఆ ఒక్క సాయంత్రంలో పిల్లల భద్రతకు నేను చేసిన సేవ ఎంతటిదంటే, ఊళ్ళో వాళ్ళ పిల్లలందరినీ క్షేమంగా తెచ్చి నా సొంత పిల్లని పోగొట్టుకున్నాను. కంగారు పడకండి, దొరికింది. ఇప్పుడు దానికి పదమూడేళ్ళు, పక్క గదిలో కూర్చుని ఇది నేను సరిగ్గా రాస్తున్నానా లేదా అని మధ్యమధ్య తొంగి చూస్తోంది.

హాలోవీన్ సంగతి తెలియని వారికి ఒక్క ముక్క చెబుతాను. ఆ సాయంత్రం పిల్లలు దయ్యాల వేషం వేసుకుని ఇంటింటికీ తిరుగుతారు. తలుపు తట్టి 'ట్రిక్ ఆర్ ట్రీట్' అంటారు. ఇంటివాళ్ళు భయపడినట్టు నటించి మిఠాయిలు పెడతారు. సరదా ఉన్నవాళ్ళు ముందే పేరు ఇచ్చి గుమ్మానికి గుమ్మడికాయ బొమ్మ తగిలించుకుంటారు. అంతే, ఇందులో ప్రమాదమేమీ లేదు. ప్రమాదం నాతో వచ్చింది.

నేను అప్పట్లో సైన్స్ పార్కులో ఒక ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేవాణ్ణి. ఇతరులు చేసిన పనిలో తప్పులు వెతకడం నా వృత్తి. ఆ ఉద్యోగం మనిషిని చాలా పాడుచేస్తుందండీ. పులుసులో ఉప్పు చూడమంటే, ఉప్పు, కారం, పులుపు, అడుగంటుట అని నాలుగు గళ్ళ పట్టిక గీసి టిక్కులు పెట్టేవాణ్ణి. ఉద్యోగం కాక నాకున్న మరో అర్హత ఆరడుగుల ఎత్తు. తెలుగువాళ్ళ ఇళ్ళల్లో తోరణం కట్టాలన్నా, ఫ్యాను రెక్కలు తుడవాలన్నా నన్నే పిలిచేవారు. ఈ ఎత్తు సంగతి కాస్త గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఒక రాత్రి భోజనాలయ్యాక, వాలంటీరు హోదాలో నేను తయారుచేసిన భద్రతా పత్రం చూసి మా ఆవిడ మాధవి కళ్ళజోడు సవరించుకుంది.

"ఏవండీ, పట్టుమని పదిమంది పిల్లల్ని మెట్లెక్కించి దించడానికి పధ్నాలుగు రూల్సా?"

"పదిమంది కాదు, పన్నెండు మంది. చూశావా, లెక్క దగ్గరే ఎంత పొరపాటు జరుగుతుందో!"

"లెక్కలు మీరే చూసుకోండి గానీ, బీరువాలో మీ పంచెలు కనపడటం లేదేం?"

ఇక్కడ పంచెల గురించి చెప్పాలి. పెళ్ళైన దగ్గర్నుంచీ మా మామగారు ప్రతి పండక్కీ నాకొక జరీ అంచు పంచె పెట్టారు. సింగపూర్ ట్రైనులో పంచె కట్టుకుని ఎస్కలేటర్ ఎక్కే ధైర్యం నాకు లేదు. అవి మడతలు విప్పకుండానే పదమూడయ్యాయి.

"పంచెలు ఉన్నాయి. కొద్దిగా మార్పులు చేశాను."

మాధవి ఒక పంచె విప్పి దీపానికి అడ్డంగా పట్టుకుంది. రెండు గుండ్రటి రంధ్రాల్లోంచి వెలుతురు ఆమె మొహం మీద పడింది.

"మా నాన్న పెట్టిన బట్టలకి కన్నాలు పెట్టారా!"

"కన్నాలు కాదు, కళ్ళు. దయ్యం వేషాలకి. కార్లు నడిపేవాళ్ళకి తెల్లబట్ట దూరం నుంచే కనపడుతుంది. భద్రత!"

"మరి జరీ?"

"హెడ్‌లైటు పడితే మెరుస్తుంది. అది ఇంకా భద్రత!"

"దయ్యాలకి జరీ అంచులేమిటండీ?"

"మన వైపు దయ్యాలు. కాస్త కలిగిన కుటుంబాలవి."

ఆవిడ మూడు రోజులు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు.

ఆరేళ్ళ ఆద్య మాత్రం నా ఒళ్ళో కూర్చుని ఆ పధ్నాలుగు నియమాలూ నాచేత ప్రతి రాత్రీ కథలా చదివించుకునేది. పత్రం అడుగున పిల్లలకు తెలిసేలా ఒక గుమ్మడికాయ బొమ్మ గీశాను. నాకు బొమ్మలు రావు. నేను ఏది గీసినా ఒక కన్ను పెద్దది, ఒకటి చిన్నది అవుతుంది. లోపం కప్పిపుచ్చడానికి పైన మీసాలు కూడా పెట్టాను.

"నాన్నా, వై వన్ ఐ సో బిగ్?" అంది ఆద్య, దాని సింగపూర్ ఇంగ్లీషులో.

"చిన్న కన్ను నిద్రపోతోంది. పెద్ద కన్ను పిల్లలకి కాపలా కాస్తోంది."

"ఓ," అని అది ఆ పెద్ద కంటి మీద వేలు పెట్టుకుని అలాగే నిద్రపోయింది.

ఆ సాయంత్రం తలచుకుంటే ఇప్పటికీ కలలో జరిగినట్టే ఉంటుంది. మధ్యాహ్నం అంతా వాన కురిసి, సరిగ్గా ఆరింటికి ఎవరో ఆపమన్నట్టు ఆగిపోయింది. ఈతకొలను మీద సన్నటి ఆవిరి లేచి చెట్ల కిందకి పాకుతోంది. దేవగన్నేరు పూలు నీళ్ళలో తేలుతున్నాయి. ఆ ఆవిరిలో ఒక్కొక్కరే పిల్లలు వచ్చి నిలబడ్డారు, తెల్లగా, పొట్టిగా, కాళ్ళ దగ్గర జరీ మెరుస్తూ. పిల్లల్ని నేను అంత అందంగా ఎప్పుడూ చూడలేదు. ఒక్క క్షణం నా పత్రం సంగతే మర్చిపోయాను. తర్వాత గుర్తొచ్చి విజిల్ ఊదాను.

"అందరూ వినండి! ఒకటి, మాస్కులు వద్దు, దారి కనపడదు. రెండు, లిఫ్టు ఎక్కకూడదు, మెట్ల మీదే వెళ్ళాలి. ఐదు, మంట కనపడితే పంచె ఎత్తి పట్టుకోవాలి."

"అంకుల్, త్రీ అండ్ ఫోర్ వేర్?" అంది ఒక దయ్యం.

"అవి పెద్దవాళ్ళకి! ఆరు, ముక్కూ మొహం తెలియనివాళ్ళకి పేరు చెప్పకూడదు. ఏడు, ఎవరింట్లోకీ అడుగు పెట్టకూడదు, గుమ్మం బయటే. ఎనిమిది, ఇచ్చిన మిఠాయి పెద్దవాళ్ళకి చూపించకుండా తినకూడదు. తొమ్మిది, కళ్ళూ పళ్ళూ ఉన్న గుమ్మడికాయ ఉంటేనే ఆ గుమ్మం దగ్గర ఆగాలి. పది, ఎవరైనా తప్పిపోతే అటూ ఇటూ పరిగెత్తకుండా అలాంటి గుమ్మం ముందే కూర్చుని, నేను వచ్చేదాకా కదలకూడదు."

"అంకుల్, రూల్స్ సో మెనీ ఆ? వెన్ కెన్ గో?"

బయల్దేరబోతుండగా నైట్ డ్రెస్సులో ఒక చిన్న పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చింది. వేషం లేదని దాని పెదవి వణుకుతోంది. నా మనసు కరిగిపోయింది. సంచిలో మిగిలిన పదమూడో పంచె తీసి కప్పాను. అది గెంతుకుంటూ వెళ్ళి వరుసలో కలిసిపోయింది.

పాఠకులారా, ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. నా చేతిలో కాగితం మీద 'మొత్తం పిల్లలు: 12' అని ఉంది. దాన్ని 13 చెయ్యాలి. పెన్ను జేబులోనే ఉంది. ఆఫీసులో ఇలాంటి సవరణ చెయ్యని కుర్రాళ్ళకి నేను అరగంట సేపు క్లాసు పీకేవాణ్ణి. ఆ పూట మాత్రం నా దయాగుణానికి నేనే మురిసిపోతూ విజిల్ ఊది నడిచాను.

మా జాబితాలో పదకొండు ఇళ్ళున్నాయి. మొదటి ఇంటి దగ్గర లెక్కపెడితే పదమూడు వచ్చింది. ఒకరిని రెండుసార్లు లెక్కపెట్టి ఉంటానని సర్దుకున్నాను. రెండో ఇంటి దగ్గరా పదమూడే. హాలోవీన్ నాడు ఒక దయ్యం ఎక్కువైతే వచ్చిన నష్టమేమిటని నాలో నేనే నవ్వుకున్నాను కూడా. ఆ తర్వాత కారిడార్లు, తలుపులు, నవ్వులు, దోసిళ్ళలో చాక్లెట్లు. మెట్ల మీద తెల్లటి వరుస దిగుతుంటే పంచెల అంచులు గచ్చు మీద మెత్తగా జీరాడే చప్పుడు తప్ప మరేమీ వినపడేది కాదు. గోడ జాలీల్లోంచి సాయంకాలపు వెలుగు గులాబీ రంగులో పడుతోంది. వీళ్ళెవరి పిల్లలో, నేనెక్కడికి తీసుకెళ్తున్నానో కూడా మర్చిపోయి, ఊరికే వెంట నడిచాను.

రెండో బ్లాకులో ఎనిమిదో అంతస్తు నుంచి ఆరో అంతస్తుకి దిగాం. ఏడో అంతస్తులో మా జాబితా ఇళ్ళేమీ లేవు. ఆరులో లెక్కపెట్టాను. పన్నెండు! కాగితం చూసుకున్నాను. పన్నెండు! ఎంత హాయిగా ఊపిరి పీల్చుకున్నానో చెప్పలేను. ఇందాకటి నుంచి నన్ను వేధిస్తున్న తప్పు దానంతటదే సర్దుకుందని, నీలం సిరాతో పెద్ద టిక్కు పెట్టాను. ఆ కాగితం మాధవి ఇప్పటికీ దాచింది.

ఏడుంబావుకి ఈతకొలను దగ్గరకి చేరాం. తల్లులు వచ్చారు. పిల్లలు పంచెలు తీసి నా చేతికిచ్చారు. ఒకటి, రెండు, పది, పదకొండు. పన్నెండో పంచె కిందనుంచి నైట్ డ్రెస్సు పిల్ల బయటికొచ్చి నవ్వింది.

నేను దాని వెనకాల చూశాను. ఎవరూ లేరు.

"ఆద్యా?" అన్నాను. చాలా మెల్లగా అన్నాను, గట్టిగా పిలిస్తే నిజమైపోతుందేమోనని.

నవ్విద్దామని మొదలుపెట్టాను గానీ, ఆ కాసేపూ నాకు నవ్వు లేదు. నీళ్ళ మీద తేలుతున్న తెల్లపువ్వులు ఒక్క క్షణం పంచెలా కనిపించాయి. భుజాన పన్నెండు పంచెలు వేసుకుని ఈతకొలను చుట్టూ రెండుసార్లు పరిగెత్తాను. ముందు అదే చూశాను. అక్కడ లేదు.

సెక్యూరిటీ చూసే మణి అంకుల్ టార్చి పట్టుకుని వచ్చాడు. మలేషియా తమిళుడు, ఎంత తొందరలోనైనా ఇక్కడివాళ్ళలాగే మాట చివర ఒక 'లా' తగిలించి నింపాదిగా మాట్లాడే మనిషి.

"సార్, యువర్ డాటర్ వాట్ కలర్ వేర్?"

"వైట్! తెల్ల పంచె!"

"సార్, ఎవ్రీబడీ వైట్. యూ మేక్ దెమ్ వైట్."

ఈలోగా మాధవికి ఫోన్ చేశాను. విషయం విని ఆవిడ ఏడవలేదు, అరవలేదు. దాంతో నాకు ఇంకా భయమేసింది.

"దానికి ఏ అంచు పంచె కప్పారు?"

"జరీ అంచు."

"అన్నీ జరీవేనండీ! మావిడి పిందెలా, రుద్రాక్షలా?"

"గుర్తులేదు మాధవీ."

"సరే, నేను కిందకొస్తున్నా. మీరు పిల్లలకి ఏం చెప్పారో అది గుర్తు తెచ్చుకోండి. మీరు గీసిన గీత అది దాటదు."

పదో నియమం! తప్పిపోతే గుమ్మడికాయ ఉన్న గుమ్మం ముందు కూర్చోవాలి. మాధవి పిల్లల్ని తల్లులకి అప్పగిస్తుంటే, నేనూ మణి అంకులూ పదకొండు గుమ్మాలూ తిరిగాం. ఈసారి లిఫ్టులోనే. పదకొండు తలుపుల దగ్గరా పదకొండు గుమ్మడికాయలు నన్ను చూసి పళ్ళికిలించాయి. ఏ గుమ్మం ముందూ పాప లేదు.

పదకొండో గుమ్మం దగ్గర నేను మెట్టు మీద కూలబడ్డాను. మణి అంకుల్ గడ్డం గోక్కున్నాడు.

"సార్, గాట్ వన్ మోర్ పంప్‌కిన్, లా. బ్లాక్ టూ, సెవెన్త్ ఫ్లోర్. టూ మంత్స్ ఆల్రెడీ హ్యాంగింగ్. ఐ థాట్ యువర్ పీపుల్ స్టార్ట్ హాలోవీన్ వెరీ అర్లీ."

మావాళ్ళా? రెండు నెలలుగానా? ఆలోచించే ఓపిక లేక లేచి పరిగెత్తాను.

ఏడో అంతస్తులో లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. కారిడార్ చివర వరసగా ప్రమిదలు వెలుగుతున్నాయి. కార్తీకమాసం అప్పుడే మొదలైంది. ఆ వెలుగులో గుమ్మం బయట ఒక చిన్న పీట, దాని మీద మావిడి పిందెల అంచు పంచెలో ఒక చిట్టి దయ్యం. అంచు దీపాలకి తగలకుండా మోకాళ్ళ పైకి ఎత్తి, రెండు పిడికిళ్ళతో పట్టుకుని కూర్చుంది. ఎదురుగా మరో పీట మీద, చేతిలో నూనె గిన్నెతో రత్నం ఆంటీ. మా ఆఫీసులో పనిచేసే ఒక మిత్రుడి తల్లి, తెనాలి మనిషి, రెండు నెలల కిందటే ఆ ఇంట్లోకి వచ్చారు. ఇద్దరూ దీపాలు చూస్తున్నారు. వాళ్ళ మొహాల మీద వెలుగు నీళ్ళలా కదులుతోంది. ఆ క్షణాన నన్ను అక్కడే అలా వదిలేసినా నాకు అభ్యంతరం లేకపోయేది.

ఆంటీ నన్ను చూశారు.

"ఈ పిల్ల నీదా! ఏం పిల్లని కన్నావయ్యా నాయనా! పేరడిగితే చెప్పదు. లోపలికి రమ్మంటే రాదు. నేనే పీటలు బయటికి తెచ్చుకున్నా. సున్నుండ పెడితే తినదు, నాన్న చూడాలంట. నెయ్యంతా కరిగి చేతి నిండా అయినా ముక్క నోట్లో పెట్టుకోలా. ఎవురు నేర్పారే ఇవన్నీ అంటే, 'రూల్స్, లా' అంటది!"

ఆరు, ఏడు, ఎనిమిది. నా నియమాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి నన్ను చూసి నమస్కారం పెట్టాయి. ఆ పేరు ఒక్కటి చెప్పి ఉంటే ఆంటీ ఒక్క ఫోన్ చేసేవారు. అదంతా ఆపింది నేనే.

ఆద్య పిడికిలి తెరిచి నా ముందు పెట్టింది. "నాన్నా, చెక్ ఫస్ట్."

నేను సున్నుండ కొరికి, కళ్ళ నీళ్ళతో నమిలి, "పాస్," అన్నాను. చెకింగ్ ఎంత క్షుణ్ణంగా చేశానంటే దానికి సగమే మిగిలింది.

"ఇక్కడెందుకు ఆగావురా తల్లీ? ఈ ఇల్లు మన లిస్టులో లేదుగా?"

"గాట్ ఐజ్, గాట్ టీత్, సో కెన్," అని అది గుమ్మం పైకి వేలు చూపించింది.

తలెత్తాను. గుమ్మానికి తాడుతో కట్టిన పెద్ద బూడిద గుమ్మడికాయ, దిష్టి తగలకుండా కట్టింది. ఒళ్ళంతా పసుపు రాయడంతో దీపాల వెలుగులో అచ్చం నారింజ రంగులో ఉంది. దానికి నల్లరంగుతో కళ్ళు, కోరపళ్ళు, మీసాలు. ఒక కన్ను పెద్దది. ఒక కన్ను చిన్నది.

మణి అంకుల్ ఫోను అందుకుని అప్పుడే మెట్లెక్కి వచ్చిన మాధవి కూతుర్ని గుండెలకి హత్తుకుని, ఆ కాయని చూసి, నా వైపు తిరిగింది.

"ఎవరండీ ఆ బొమ్మ గీసింది?"

"ఇంకెవురమ్మా!" అన్నారు ఆంటీ. "గృహప్రవేశం రోజు మావాడికి అందకపోతే మీ ఆయన్నేగా పిలిచింది. కట్టమంటే కట్టాడు. ఊరుకోకుండా మొహం కూడా నేనే గీస్తానన్నాడు. మీసాలు అడక్కుండానే పెట్టాడు."

మణి అంకుల్ గోడ వైపు తిరిగి భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు.

"నాన్నా," అంది ఆద్య, నెయ్యి చేత్తో నా గడ్డం పట్టుకుని, "అందరి పంప్‌కిన్స్ రాంగ్. దిస్ వన్ ఓన్లీ నీది. బిగ్ ఐ వాచింగ్ మీ. సో ఐ నాట్ స్కేర్డ్."

నేను గీసిన వంకర కన్నొకటి, నేను పిచ్చివాడిలా పరిగెత్తినంతసేపూ, నా కూతురికి కాపలా కాసింది. నాకంటే బాగా కాసింది. ఆంటీ లోపల్నుంచి ఉప్పూ ఎండుమిరపకాయలూ తెచ్చి, పిల్లకి దిష్టి తీస్తారనుకుంటే, నా ముందు నిలబడ్డారు.

"ముందు నువ్వు కూర్చో నాయనా. ఎవురి కన్నో గట్టిగానే తగిలింది నీకు."

"నా కన్నే ఆంటీ," అన్నాను, పంచెల మూటతో సహా పీట మీద కూర్చుంటూ.

ఇది జరిగి ఏడేళ్ళయింది. రత్నం ఆంటీ ఇప్పటికీ కాయ పాడైనప్పుడల్లా కొత్తది కట్టడానికి నన్నే పిలుస్తారు. ఈ ఏడాది లిఫ్టులో కాగితం చూసి చెయ్యెత్తింది ఆద్య. దాని భద్రతా పత్రంలో ఒకే ఒక్క నియమం ఉంది. బయల్దేరే ముందూ తిరిగొచ్చాకా నాన్నని లెక్కపెట్టుకోవాలట.

కనుక, నా బీరువాలో మిగిలిన, కళ్ళున్న ఆ పదమూడు పంచెల సాక్షిగా, నేను ఇందుమూలముగా ప్రమాణం చేయునది ఏమనగా: ఇకమీదట మొహాలు చూడకుండా గుడ్డలు లెక్కపెట్టను. తప్పు లెక్క దానంతటదే సరిపోతే సంతోషించను. మామగారి పంచెలకు కత్తెర తగలనివ్వను. ఇంకా ఎన్ని గుమ్మడికాయలు కట్టమన్నా కడతాను గానీ, ఎవరెన్ని చెప్పినా, ఏ ఒక్కదానికీ రెండు కళ్ళూ సమానంగా గీయను.